చివరి 200 మీటర్ల వేగం

ప్రశ్న: రోజూ 40 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నా, పోటీ చివరి 200 మీటర్లలో వెనకబడిపోతున్నాను. దూరం ఇంకా పెంచాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు, దూరం పెంచితే ఓపిక పెరుగుతుందే గాని స్ప్రింట్ పవర్ అంతగా పెరగదు. ఆ పవర్ పెడల్ మీద మోపే బలం, కాళ్లు తిరిగే వేగం రెండింటి మీదా ఆధారపడుతుంది కనుక, వారానికి రెండు రోజులు, బాగా వార్మప్ చేశాక, దాదాపు ఆగిన స్థితి నుంచి పెద్ద గేరులో, సీటు మీది నుంచి లేచి, హ్యాండిల్ కింది వంపులను గట్టిగా పట్టుకుని, 10 సెకన్ల పాటు శాయశక్తులా తొక్కండి. అయిదారు సార్లు చాలు. ప్రతిసారీ మధ్యలో 5 నిమిషాలు తేలికగా తొక్కాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ (కొన్ని సెకన్ల విపరీత శ్రమకు తక్షణ శక్తినిచ్చే నిల్వ) తిరిగి నిండకముందే మొదలుపెడితే మిగిలేది ఆయాసమే. కాళ్ల వేగం కోసం చిన్న గేరులో, కొద్దిపాటి దిగుడు మీద, ఇదే సాధన విడిగా చేయండి.