ప్రామ్‌లో అయితే వెల్లకిలా, స్లింగ్‌లో అయితే నిటారుగా

ప్రశ్న: మా పాప పుట్టి 18 రోజులైంది. ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్ చేశారు. పుట్టినప్పుడు బరువు 2.7 కిలోలు, ఇప్పుడు 2.9 కిలోలు. నెలలు నిండాకే పుట్టింది. మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. టీకాలకీ చెకప్‌లకీ తిరగాలి కాబట్టి ప్రామ్ కొందామని మావారు అంటున్నారు. ప్రామ్ దండగ, పాపని ఒంటికి కట్టుకునే స్లింగ్ చాలు అంటోంది మా అక్క. స్లింగ్‌లో పాపకి ఊపిరాడదేమోనని, వెన్ను వంగిపోతుందేమోనని నాకు భయం. అస్తమానం ఎత్తుకుంటే అదే అలవాటై కింద పడుకోదని కూడా అంటున్నారు. రెండింటిలో ఏది మంచిది?

జవాబు: మీ భయాల్లో మొదటిది నిజమైనదే, రెండోదీ మూడోదీ కావు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే పాపకి ఆరు వారాలు నిండేదాకా స్లింగ్ జోలికి వెళ్లకండి. ఆ తర్వాత మీ ఇంటి మెట్లకి స్లింగే అక్కరకొస్తుంది. ఎందుకో చెబుతాను.

నెలలోపు బిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. మెడ కండరాలకి దాన్ని నిలబెట్టే బలం ఉండదు. శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఆ గొట్టం మడతపడి గాలి తగ్గిపోతుంది. పైగా ఈ వయసు పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు బట్టకో, ఎత్తుకున్నవారి ఒంటికో అదుముకుపోతే తల తిప్పుకోలేరు. పెద్దవాళ్లలా గింజుకుంటారని, ఏడుస్తారని అనుకోవద్దు. గాలి తగ్గిన పసిబిడ్డ చప్పుడు చేయకుండా నీరసించిపోతుంది. నిద్రపోయిందనుకుని మురిసిపోయే ప్రమాదం అక్కడే ఉంది.

అందుకే నేను వస్తువుని కాదు, భంగిమని చూడమంటాను. పడుకోబెడితే పూర్తిగా బల్లపరుపుగా, వెల్లకిలా ఉండాలి. ఎత్తుకుంటే పూర్తిగా నిటారుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా ఉండాలి. ఈ రెంటికీ మధ్య ముడుచుకుని సగం కూర్చున్నట్టు, సగం పడుకున్నట్టు ఉండే భంగిమ ఏదైనా నాలుగు నెలల్లోపు బిడ్డకి మంచిది కాదు. జోలెలా వేలాడే సంచి స్లింగ్‌ని నేను వద్దనేది ఇందుకే. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2010లో ఇచ్చిన హెచ్చరికలో, అంతకు ముందు 20 ఏళ్లలో స్లింగ్‌లతో ముడిపడిన 14 మరణాలను ప్రస్తావించింది. వాటిలో 12 మంది నాలుగు నెలల్లోపు పిల్లలే. నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక ఆరు వారాలు అని ఎందుకన్నానంటే, చాలా స్లింగ్‌లూ, బెల్టులతో ఒంటికి తగిలించుకునే క్యారియర్లూ కనీసం 3.2 నుంచి 3.6 కిలోల బరువున్న బిడ్డకే పనికొస్తాయి. కొలత కంపెనీని బట్టి మారుతుంది, లేబుల్ మీద ఉంటుంది. అంతకంటే చిన్న బిడ్డ అందులో కిందికి జారిపోతుంది. మీ పాప 2.9 కిలోలు. ఈ వయసులో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరుగుతారు కాబట్టి, 3.5 కిలోలకి రావడానికి ఇంకో మూడున్నర వారాలు పట్టొచ్చు. అప్పటికి పాపకి ఆరు వారాలు, మీ కుట్లకీ ఆరు వారాలు. అప్పటిదాకా పాప కంటే బరువైనదేదీ మీరు ఎత్తకూడదు. మడత పెట్టిన ప్రామ్ సాధారణంగా పాప కంటే రెండు మూడు రెట్లు బరువు ఉంటుంది. దాన్ని మూడంతస్తులు మోసే పని మీది కాదు.

ఈలోపు చెకప్‌కి వెళ్లాల్సి వస్తే పాపని చేతుల్లోనే దించండి, లేదా మీవారికి ఇవ్వండి. ఎవరు ఎత్తుకున్నా ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. ప్రామ్ ఫ్రేముని కింద పెట్టుకునే చోటుంటే ప్రామ్ కొనొచ్చు. లేకపోతే మూడో అంతస్తులో అది బట్టలు ఆరేసుకునే స్టాండుగా మారిపోతుంది. ప్రామ్ ఫ్రేము మీద అమర్చే పడక తొట్టి, అంటే క్యారీకాట్‌లో పాపని పడుకోబెట్టి ఆ కాట్‌ని మెట్ల మీద మోయడం కూడా వద్దు. రెండు చేతులూ దానికే పోతాయి, కాలి కింది మెట్టు కనబడదు.

కొంటే ఏం చూడాలి? ముందు సీటుని పక్కనుంచి చూడండి. వీపు భాగం, కూర్చునే భాగం ఒకే గీతలో ఉండాలి. పూర్తిగా వాలుతుందని చెప్పే సీట్లలో చాలా వాటికి చివర కొంత వంపు మిగిలే ఉంటుంది. కొన్నింటిలో బట్ట నడుమ ఉయ్యాలలా దిగిపోతుంది. అలాంటివి ఆరు నెలలు దాటి, కూర్చోవడం వచ్చిన పిల్లలకి. మీకు కావలసింది గట్టి అడుగున్న క్యారీకాట్. పరుపు గట్టిగా ఉండాలి, అంచుల్లో సందు ఉండకూడదు. లోపల దిండు, బొమ్మలు, మందపాటి దుప్పటి పెట్టొద్దు. బ్రేకు వేసి తోసి చూడండి, చక్రం కదలకూడదు. మడత దగ్గర తాళం టక్కుమని పడిందో లేదో ప్రతిసారీ చూసుకోండి. పడకపోతే నడుస్తుండగా ఫ్రేము మడతపడుతుంది. కీళ్ల దగ్గర వేళ్లు నలిగేదీ అప్పుడే.

వాడకంలో ఎక్కువగా చేసే తప్పులు రెండు. హ్యాండిల్‌కి సంచులు తగిలించడం మొదటిది. పాప బరువు మూడు కిలోలు, సంచి బరువు నాలుగు కిలోలైతే ప్రామ్ వెనక్కి తిరగబడొచ్చు. సంచి కింద బుట్టలో పెట్టండి. రెండోది, ఎండ తగలకుండా పైన గుడ్డ కప్పేయడం. పలచటి గుడ్డైనా లోపల గాలి ఆడనివ్వదు, కొద్దిసేపట్లోనే లోపల వేడెక్కిపోతుంది, పైగా పాప మొహం మీకు కనబడదు. ప్రామ్‌కి ఉన్న గొడుగు చాలు. ఎండ మరీ ఉంటే వేళ మార్చుకోండి.

ఇప్పుడు స్లింగ్ సంగతి. ఆరు వారాల తర్వాత, మీ సర్జన్ సరేనన్నాక మొదలుపెట్టండి. సాగే బట్టతో చేసిన పొడవాటి చుట్టు గానీ, రెండు రింగుల స్లింగ్ గానీ చిన్న బిడ్డకి బాగా అమరుతుంది. నడుముకి బెల్టు ఉండే క్యారియర్‌లో బెల్టు సరిగ్గా కుట్ల మీదికి వస్తుందేమో ముందు చూసుకోండి. కాస్త నొప్పి తెలిసినా బెల్టుని కుట్లకి పైగా, నడుము సన్నబడే చోటికి జరపాలి. రింగుల స్లింగ్‌తో కుట్ల మీద ఒత్తిడి ఉండదు గానీ బరువంతా ఒకే భుజం మీద పడుతుంది. ఇవాళ కుడి భుజానికైతే రేపు ఎడమ భుజానికి మార్చండి.

సాగే చుట్టులో దాదాపు అందరూ చేసే పొరపాటు వదులుగా కట్టడం. బిడ్డకి ఇబ్బంది అవుతుందేమోనన్న జాలితో వదులుగా కడతారు. పది నిమిషాలయ్యేసరికి బట్ట సాగి, పాప మీ బొడ్డు దాకా దిగి, మెడ వాలిపోతుంది. ఒంటికి పట్టిన బనియన్‌లా బిగుతుగా ముందే కట్టుకుని, తర్వాత పాపని లోపలికి దించాలి. ఛాతీ మీది రెండు అడ్డపట్టీలనీ ఒక మోకాలి వెనకనుంచి రెండో మోకాలి వెనక దాకా, పైన వీపంతా పరిచి, ఆ పైన మూడో పొరని మెడ దాకా లాగాలి. పట్టీలు తాడులా ముడుచుకుపోతే బరువంతా ఒక గీత మీద పడుతుంది. మొదటి నాలుగైదు సార్లు అద్దం ముందు, మంచం పక్కన, ఇంకొకరు తోడుండగా చేయండి.

కట్టాక ఇలా సరిచూడండి. తల దించితే పాప మాడు మీద ముద్దు పెట్టగలిగేంత పైకి ఉండాలి. పక్కకి తిరిగిన చెంప మీ ఛాతీకి ఆనాలి, ముక్కూ నోరూ బట్ట జరపకుండానే మీకు కనబడాలి. గడ్డం కింద మీ రెండు వేళ్లు పట్టాలి. పాప వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కండి. పాప ఒళ్లు మీ వైపు ఇంకా దగ్గరికి జరిగితే కట్టు వదులుగా ఉన్నట్టే. తల వెనక భాగాన్ని బట్టతో బిగించి కప్పొద్దు, దానివల్లే గడ్డం ఛాతీలోకి దిగుతుంది. బట్ట పై అంచు చెవుల కింద, మెడ దగ్గర ఆగితే చాలు.

పాపకి స్లింగ్‌లోనే పాలివ్వడం కొందరికి వీలుగా ఉంటుంది. మొదటి నెలల్లో వద్దంటాను. పాల కోసం పాపని కిందికి దించి పక్కకి వాల్చాల్సి ఉంటుంది, తాగుతూ నిద్రపోయిన పాపని మళ్లీ పైకి జరపడం మరిచిపోతాం. కూర్చుని, స్లింగ్ తీసి పాలివ్వండి. తాగిన తర్వాత 20 నిమిషాలు నిటారుగా ఎత్తుకుంటే పాలు కక్కడం తగ్గుతుంది.

వేడి విషయంలో మీ ఒంటినీ ఒక దుస్తుగా లెక్కేయండి. స్లింగ్‌లోకి పాపకి ఒక్క పలచటి చొక్కా చాలు. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయని బట్టలు పెంచొద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే తీసేయాలి. పొయ్యి దగ్గర, వేడి టీ చేత్తో పట్టుకుని, స్కూటర్ మీద స్లింగ్ వాడకూడదు. కింద పడినదాన్ని తీయాలంటే నడుము వంచకండి, ఒక చెయ్యి పాప వీపు మీద ఉంచి మోకాళ్లు వంచండి. కార్లో స్లింగూ పనికిరాదు, క్యారీకాటూ పనికిరాదు. దానికి వెనక్కి తిరిగి ఉండే శిశువుల సీటు వేరే ఉంది. ఆ సీటు కూడా ప్రయాణం వరకే. దిగాక ప్రామ్ ఫ్రేముకి తగిలించి గంటల తరబడి అందులోనే నిద్రపుచ్చితే మళ్లీ ఆ సగం ముడుచుకున్న భంగిమే.

స్లింగ్‌లో నిద్రపోతే ఫర్వాలేదా అంటే, మీరు మెలకువగా ఉండి మొహం చూస్తున్నంతసేపు ఫర్వాలేదు. ఇంటికి రాగానే గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. స్లింగ్‌లో పాపతో మీరు సోఫాలో కునుకు తీయడం మాత్రం ఎప్పుడూ వద్దు. నిద్ర ముంచుకొస్తుంటే ముందు పాపని దించేయండి.

వెన్ను వంగడం గురించి భయం వద్దు. పుట్టిన బిడ్డ వెన్ను సహజంగానే విల్లులా కాస్త వంగి ఉంటుంది. తల నిలబెట్టేటప్పుడు మెడ దగ్గరి వంపు, కూర్చుని నడిచేటప్పుడు నడుము దగ్గరి వంపు మెల్లగా ఏర్పడతాయి. స్లింగ్‌లో పిర్రల దగ్గర గుండ్రంగా ఉండటం మామూలే. పైభాగం కుప్పకూలి గడ్డం కిందికి దిగకుండా చూస్తే చాలు. మొహం బయటికి పెట్టి ఎత్తుకోవడం మాత్రం మెడ బాగా నిలబడేదాకా వద్దు.

ఎత్తుకుంటే చెడిపోతుందన్న మాట పట్టించుకోకండి. హంజికర్, బార్ అనే వైద్యులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో మిగతావారి కంటే 43 శాతం తక్కువగా ఏడ్చారు. ఏడుపు బాగా ఎక్కువగా ఉండే వయసు కూడా అదే. అలాగని రోజంతా కట్టుకుని తిరగనక్కర్లేదు. మీ నడుముకీ విశ్రాంతి కావాలి, పాపకీ కాళ్లు చేతులు ఆడించుకునే చోటు కావాలి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు రోజుకి రెండు మూడు సార్లు, మూడేసి నిమిషాలు బోర్లా వేయండి. మెడకి బలం వస్తుంది, తల వెనక చదునుగా అవడం తగ్గుతుంది.

ప్రామ్‌లో గానీ స్లింగ్‌లో గానీ మూలుగులాంటి శబ్దం, ముక్కుపుటాలు ఎగరడం, డొక్కలు లోపలికి పోవడం, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం, పెదాల చుట్టూ నీలంగా మారడం, పిలిచినా కదిపినా స్పందించకపోవడం కనిపిస్తే వెంటనే బయటికి తీసి వెల్లకిలా పడుకోబెట్టి, మెడ నిటారుగా ఉంచి, అంబులెన్స్‌ని పిలవండి. బయటికి తీశాక మామూలుగా కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

మీరు అడగనిది ఒకటుంది. ఎదురుకాళ్లతో ఉన్న ఆడబిడ్డల్లో తుంటి కీలు గిన్నెలో సరిగ్గా కుదురుకోని సమస్య మిగతావారిలో కంటే ఎక్కువ. తొలి కాన్పు అయినా, ఇంట్లో ఇంకెవరికైనా ఈ సమస్య ఉన్నా మరికాస్త ఎక్కువ. పైకి ఏమీ కనబడదు, నొప్పి ఉండదు. ఆరు వారాల వయసులో తుంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించమని మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. అప్పటిదాకా కాళ్లు తిన్నగా చాపి గుడ్డతో బిగించి చుట్టొద్దు. స్లింగ్‌లో కూడా కాళ్లు కిందికి వేలాడకూడదు. కప్ప కూర్చున్నట్టు, మోకాళ్లు పిర్రల కంటే కాస్త పైకి ఉండి, తొడల కింద మోకాళ్ల దాకా బట్ట ఆసరా ఉండాలి. రెండు కాళ్ల మధ్య సన్నటి పట్టీ మాత్రమే ఉండే క్యారియర్ మీ పాపకి కొనొద్దు. స్కాన్‌లో తేడా వచ్చి, తుంటి కుదురుకోవడానికి కాళ్లకి బెల్టులు వేస్తే, ఏ స్లింగ్ వాడొచ్చో ఆ డాక్టర్ చెప్పాకే కొనండి.