కీబోర్డు పిల్లల చేతుల్లోనే ఉండనివ్వు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నుంచి హైస్కూలు పిల్లలకి వెబ్ డెవలప్‌మెంట్ చెప్పబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎన్ని ట్యాగులు (ఏది శీర్షిక, ఏది పేరా అని బ్రౌజర్‌కి చెప్పే గుర్తులు) చెప్పాలి, పేజీ చేత పనులు చేయించే జావాస్క్రిప్ట్ ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగావు. అవి రాస్తాను. కానీ ముందు ఒక మాట చెప్పాలి. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పిల్లల పేజీ పాడైనప్పుడు నీ చెయ్యి వాళ్ల కీబోర్డు మీదకి వెళ్లకూడదు.

నేను కొత్తగా పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఒక అబ్బాయి పేజీలో బొమ్మ కనపడలేదు. ఫైల్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. నాకు చూడగానే తెలిసింది. మౌస్ తీసుకుని సరిచేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాను. తర్వాతి వారం వాడికి ఇంకేదో ఆగిపోయింది. చేతులు కట్టుకుని నా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కొన్నాళ్లకి అలా కూర్చునేవాళ్లు ఆరుగురయ్యారు. నేను కుర్చీల మధ్య పరుగులు పెడుతూ, అందరి పేజీలూ చక్కగా వస్తున్నాయని సంబరపడ్డాను. ఏడాది చివర ఖాళీ ఫైల్ ఇచ్చి ఒక చిన్న పేజీ చేయమంటే సగం మందికి మొదటి వరుస తోచలేదు. వాళ్ల పేజీలన్నీ అంతకాలం నేనే చేశాను మరి.

అప్పటి నుంచి పిల్లల వెనక నిలబడి చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది అని అడుగుతాను. ఆ తర్వాత అసలు ప్రశ్న: పేజీ చివరిసారి బాగా కనిపించాక నువ్వు ఏం మార్చావు? నూటికి తొంభై తప్పులు ఆ జవాబులోనే దొరుకుతాయి. అడిగాక ఊరుకోవాలి. ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, పక్కన ఇంకో ఇద్దరు పిలుస్తూ ఉంటారు, అయినా ఊరుకోవాలి. స్నేహితులకి కూడా ఇదే నియమం పెట్టు. పక్కవాళ్ల స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించవచ్చు, టైపు మాత్రం చేయకూడదు.

ఇక మొదటి క్లాసు. వెబ్ అంటే ఏమిటో నిర్వచనం రాయించకు. అందరికీ తెలిసిన ఒక పేజీ తెరిపించి, శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కమను, పేజీ వెనకున్న కోడ్ కనిపిస్తుంది. అక్కడున్న అక్షరాలు చెరిపి తమ పేరు రాసుకోమను. క్లాసంతా గోల గోల అయిపోతుంది, కాసేపు కానివ్వు. తర్వాత రిఫ్రెష్ చేయమను. పేరు మాయమవుతుంది. ఎందుకు పోయిందో వాళ్లనే చెప్పమను. తాము మార్చింది తమ బ్రౌజర్‌లోకి వచ్చిన నకలు మాత్రమేనని, అసలు ఫైల్ ఎక్కడో సర్వర్‌లో, అంటే పేజీలు పంపే కంప్యూటర్లో, అలాగే ఉందని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాకే సర్వర్ బొమ్మ బోర్డు మీద వెయ్యి. ఇలా మార్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి నిజమని ఎవరికీ పంపకూడదని కూడా ఆ రోజే చెప్పు. వాళ్లకి వచ్చే స్క్రీన్‌షాట్లు కూడా ఇలాగే తయారై ఉండొచ్చని అప్పుడు వాళ్లకే తడుతుంది.

రెండో క్లాసులో కోడ్ చెప్పాలని నీకు తొందరగా ఉంటుంది. ఆగు. ఆ క్లాసు మొత్తం ఫైళ్లకీ ఫోల్డర్లకీ ఇచ్చెయ్యి. ఫోన్ మీద పెరిగిన పిల్లలకి ఫైల్ అనేది ఒక చోట ఉంటుందన్న ఊహే ఉండదు. బొమ్మ గ్యాలరీలో ఉంటుంది, పాట యాప్‌లో ఉంటుంది, అంతే. నా క్లాసుల్లో కోడ్ తప్పుల కంటే ఫైళ్ల తప్పులే ఎక్కువ సమయం తినేశాయి. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర ఫైల్ రకం చెప్పే అక్షరాలు) మామూలుగా కనపడవు. నోట్‌ప్యాడ్‌లో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అని సేవ్ చేశామనుకుంటారు, దాని చివర డాట్ టీఎక్స్‌టీ చేరిపోయి ఉంటుంది. ఆ సెట్టింగ్ ముందే మార్పించు. బొమ్మకి సీ డ్రైవ్ నుంచి మొదలయ్యే పూర్తి దారి ఇస్తే అది ఆ ఒక్క సిస్టమ్‌లోనే కనిపిస్తుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాని విండోస్ పట్టించుకోదు కానీ చాలా సర్వర్లు పట్టించుకుంటాయి. ఇక్కడ చక్కగా కనిపించిన బొమ్మ ఆన్‌లైన్‌లో పెట్టగానే మాయమైతే పిల్లలు బెంబేలెత్తిపోతారు. అందుకే ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టించు.

ఇప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్, అంటే ట్యాగులతో పేజీ రాసే భాష. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో వెబ్‌ని ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న చిక్కు చాలా మామూలుది. ఒక్కో సమాచారం ఒక్కో కంప్యూటర్లో ఉంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే దారి లేదు. ఈ సంగతి పిల్లలకి చెప్పు. లింక్ ట్యాగ్ ఎందుకు అంత ముఖ్యమో వేరే వివరణ అక్కర్లేదు. మొదట్లో ఆయన రాసుకున్న ట్యాగులు 20 లోపే. వాటిలో శీర్షిక, పేరా, జాబితా, లింక్ ఈరోజుకీ పనిచేస్తున్నాయి. నువ్వూ ఓ పన్నెండు చెప్పు, చాలు. మొదటి ఏడాది నేను ట్యాగులన్నీ పట్టికలా నోటుబుక్కుల్లో రాయించాను. చిలకపలుకుల్లా అప్పజెప్పారు, పేజీ మాత్రం చాలామందికి రాలేదు.

పేజీ దేని గురించి చేయాలో నువ్వు చెప్పకు. తమకి బాగా తెలిసిన పని ఏదైనా ఎంచుకోమను. ఒక అమ్మాయి సైకిల్ పంక్చర్ వేయడం గురించి చేసింది. కావాల్సిన పనిముట్లు చుక్కల జాబితాలో, పని వరస అంకెల జాబితాలో పెట్టాలని తనే తేల్చుకుంది, ఎందుకంటే వరస తప్పితే ట్యూబు పాడవుతుందని తనకి తెలుసు. నాలుగో మెట్టులో చెప్పిన పనిముట్టు దగ్గరికి నేరుగా ఎలా వెళ్లాలి అని అడిగింది. ఒకే పేజీలోని చోట్లకి లింక్ ఎలా ఇవ్వాలో ఆ పూట క్లాసంతా నేర్చుకుంది. నా పాఠ్యప్రణాళికలో అది లేదు!

హెచ్‌టీఎమ్‌ఎల్‌తో వచ్చే కష్టం ఒకటుంది. తప్పు రాసినా బ్రౌజర్ ఏమీ అనదు, తనకి తోచినట్టు సర్దేసి చూపిస్తుంది. స్ట్రాంగ్ ట్యాగ్ మూయడం మర్చిపోతే కింద పేజీ అంతా లావు అక్షరాలైపోతుంది. లింక్‌లో ఒక కోట్ మార్క్ పోతే తర్వాతి రెండు వాక్యాలు మాయమవుతాయి. తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు, పిల్లలకి టెన్షన్. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: రెండు వరుసలు రాయడం, సేవ్ చేయడం, రిఫ్రెష్ చేసి చూడటం. ముప్పై వరుసలు ఒకేసారి రాసిన వాళ్లకి ఏం మార్చావు అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. వర్డ్ లాంటి వాటిలో రాసి తెచ్చి అతికించొద్దని కూడా చెప్పు. వాటిలోని వంపు తిరిగిన కోట్స్‌ని బ్రౌజర్ కోట్స్‌గా గుర్తించదు, చూడటానికేమో తేడా తెలియదు.

పిల్లలు తెలుగులో రాస్తామంటే తప్పకుండా రాయనివ్వు. పైన క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే పద్ధతి) అని చెప్పే వరుస లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. భాష తెలుగని చెప్పే లాంగ్ అట్రిబ్యూట్ కూడా పెట్టించు, చూపు లేనివాళ్లకి పేజీ చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి అది అవసరం. మన ఒత్తులూ గుడులూ పైవరసకీ కిందవరసకీ తగులుతుంటాయి, లైన్ హైట్ 1.6 దాకా పెంచితే చదవడానికి హాయిగా ఉంటుంది.

రంగులూ అమరికా చెప్పే సీఎస్‌ఎస్‌ని మూడు పేజీలు తయారయ్యాకే మొదలుపెట్టు. ఒక్క ఫైల్‌లో రంగు మారిస్తే మూడు పేజీల్లోనూ మారడం కళ్లారా చూడాలి. మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ), ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) తేడా మాటల్లో చెబితే ఎవరికీ అర్థం కాదు. పేజీలోని ప్రతి ముక్క చుట్టూ ఎర్ర గీత గీయించే ఒక్క రూల్ రాయించు, పెట్టెలన్నీ బయటపడతాయి. అమరికకి పెట్టెల్ని వరసగా సర్దే ఫ్లెక్స్‌బాక్స్ చాలు, పాత ఫ్లోట్ పద్ధతి జోలికి వెళ్లకు. తెల్లటి పేజీ మీద పసుపు అక్షరాలు తప్పకుండా పెడతారు. వద్దనకు. లేచి గది చివరికి వెళ్లి చదవమను. మామూలు అక్షరాలకి, వెనక రంగుకి కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలన్న ప్రమాణం ఎందుకుందో అప్పుడు చెప్పు. పేజీని ఫోన్ వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ వరుస మర్చిపోతే పేజీ ఫోన్‌లో చీమల బారులా కనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్ బ్రౌజర్లు సుమారు 980 పిక్సెల్స్ వెడల్పు ఊహించుకుని దాన్ని కుదించేస్తాయి. అది కూడా ముందు చూడనిచ్చి తర్వాత చెప్పు.

జావాస్క్రిప్ట్ చివర్లో, కొంచెమే. ఒక బటన్ నొక్కితే ఒక వాక్యం మారాలి. తర్వాత రెండు పెట్టెల్లో అంకెలు తీసుకుని కూడించు. 5, 3 కలిపితే 53 వస్తుంది. నువ్వు ముందే హెచ్చరించకు. ఎందుకొచ్చిందో తేల్చుకోవడానికి పదినిమిషాలు ఇవ్వు. పెట్టెలో టైప్ చేసింది కంప్యూటర్‌కి అంకె కాదు, అక్షరాల వరస అని తెలిసిన పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇక్కడ తప్పులు కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పులు చూపించే కిటికీలో) ఎర్రగా, వరుస నంబరుతో సహా కనిపిస్తాయి. ఎరుపు చూడగానే పిల్లలు ఆ కిటికీ మూసేస్తారు. ఆ వాక్యాన్ని పైకి చదివించు, అర్థం చెప్పించు.

ఏఐతో కోడ్ రాయించుకుని తెస్తారు. దాచుకునే పరిస్థితి రానివ్వకు. తెచ్చిన కోడ్‌లో ఏదో ఒక వరుస చూపించి, అది తీసేస్తే ఏమవుతుందో ముందు చెప్పి తర్వాత తీసి చూపించమను. చెప్పగలిగితే ఆ కోడ్ వాళ్లదే.

పరీక్ష కాగితం మీద పెట్టకు. నేను ఒక్కొక్కరి పేజీ తీసుకుని అందులో మూడు తప్పులు పెట్టి తిరిగి ఇచ్చేదాన్ని. ఇరవై నిమిషాలు. తమ పేజీ కాబట్టి ఎక్కడ ఏముందో వాళ్లకి తెలుసు. మొదట చెప్పిన ఆ అబ్బాయి లాంటి వాళ్లు ఇందులో రెండు పట్టుకున్నా నాకు కళ్లు చెమర్చేవి.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ప్రతి పేజీ నువ్వే చదువు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, బడి పేరు, ముఖం కనిపించే ఫోటో ఏవీ ఉండకూడదు. ఈ విషయంలో మొహమాటపడకు.

క్లాసు ముందురోజు ల్యాబ్‌కి వెళ్లి పిల్లలు కూర్చునే కుర్చీలోనే కూర్చో. వాళ్ల లాగిన్‌తో తెరిచి, ఖాళీ ఫైల్ నుంచి ఒక పేజీ, ఒక బొమ్మ, ఒక లింక్ చేసి చూడు. నెట్ తీసేసి ఇంకోసారి చెయ్యి. నువ్వు ఎక్కడ ఆగిపోయావో కాగితం మీద రాసుకో. మొదటి వారం అయ్యాక పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, నువ్వు ఏం అడిగావో నాకు రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ