ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రాత పరీక్ష: బట్టీ పట్టి 72 తెచ్చుకున్నవాడి మాట

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ పూర్తి చేసుకుని సెలవులకు బెంగళూరు వచ్చానని, తిరిగి వెళ్ళేలోగా ఉన్న ఏడు వారాల్లో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) వారి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను చూసి విమానం నడిపే అర్హత) రాత పరీక్షకు సిద్ధం కావాలని, అందుకు ప్రశ్నల బ్యాంకు బట్టీ పడితే చాలా అని మీరు అడిగారు. గట్టెక్కడానికి చాలవచ్చు. నేను అలాగే గట్టెక్కాను, దాని ఫలితం తరువాత అనుభవించాను.

పరీక్షలో 60 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కోదానికి మూడు జవాబులు ఇస్తారు, ఉత్తీర్ణతకు 70 శాతం కావాలి. మారతహళ్ళిలో అద్దె ఇంట్లో ఉంటూ, పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి ఫోన్‌లో ప్రశ్నలు తిప్పుకుంటూ నేను చదివిన చదువుకు 43 ప్రశ్నలు సరిపోయాయి, అంటే 72 వచ్చింది. ఆ రోజు సంతోషించాను. కానీ ఫలితాల పత్రంలో మీరు తప్పిన అంశాల కోడ్‌లన్నీ అచ్చువేసి ఇస్తారు. వాటిని మీ శిక్షకుడు మళ్ళీ బోధించి సంతకం చేయాలి, చెక్‌రైడ్ (ముందు మౌఖికంగా, ఆపైన విమానం నడిపించి చూసే చివరి పరీక్ష) రోజున ఎగ్జామినర్ ఆ అంశాలనే పట్టుకుని అడుగుతారు. నన్ను తెల్లకాగితం మీద హోల్డింగ్ ప్యాటర్న్ (గాలిలో వేచి ఉండడానికి విమానం తిరిగే కోలాకారపు దారి) గీసి, అందులోకి ఎలా ప్రవేశిస్తారో చెప్పమన్నారు. మూడు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం నాకు వచ్చు. ఏ జవాబూ ఎదురుగా లేనప్పుడు గీయడం రాదు. చెక్‌రైడ్ ఆ మౌఖిక పరీక్షతోనే ముగిసింది, సెలవు అయిపోయి బెంగళూరు తిరిగి వచ్చాను, ఆరు నెలల తరువాత వెళ్ళి మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఇచ్చాను. రాత పరీక్ష ఫలితం 24 నెలలు చెల్లుతుంది కాబట్టి అదొక్కటి మళ్ళీ రాయవలసిన అవసరం రాలేదు.

కనుక మీ ఏడు వారాల్లో కనీసం రెండు వారాలు హోల్డింగ్‌కూ, రన్‌వే వైపు పరికరాలతో దిగే దారి చూపే అప్రోచ్ చార్టులకూ కేటాయించండి. ‘వీఓఆర్‌కు తూర్పున, 090 రేడియల్ మీద, కుడి మలుపులతో హోల్డ్ చేయండి’ అని కంట్రోలర్ నుంచి క్లియరెన్స్ వచ్చిందనుకుందాం. వీఓఆర్ అంటే దారి చూపే నేల మీది రేడియో స్టేషన్, రేడియల్ అంటే దాని నుంచి ఒక దిక్కుకు పోయే గీత. రేడియల్‌ను స్టేషన్ నుంచి బయటికి లెక్కిస్తారు కాబట్టి స్టేషన్ వైపు వచ్చే ఇన్‌బౌండ్ దిశ 270, ఔట్‌బౌండ్ దిశ 090. 090 అనే అంకె వినగానే దాన్నే ఇన్‌బౌండ్ అనుకోవడం నా అలవాటు, ఆ ఒక్క తికమకతో తరువాతి లెక్కంతా తలకిందులయ్యేది. హోల్డ్‌లోకి ప్రవేశించే పద్ధతులు మూడు: టియర్‌డ్రాప్, ప్యారలెల్, డైరెక్ట్. కుడి మలుపుల హోల్డ్‌లో, మీరు స్టేషన్ మీదికి చేరేటప్పుడు ఔట్‌బౌండ్ దిశ విమానం ముక్కుకు కుడివైపు 70 డిగ్రీలలోపు ఉంటే టియర్‌డ్రాప్, ఎడమవైపు 110 డిగ్రీలలోపు ఉంటే ప్యారలెల్, మిగిలిన సగంలో పడితే డైరెక్ట్ ప్రవేశం. 050 హెడింగ్‌తో వస్తుంటే 090 మీకు కుడివైపు 40 డిగ్రీల్లో ఉంది, అది టియర్‌డ్రాప్. 160తో వస్తుంటే ఎడమవైపు 70 డిగ్రీల్లో ఉంది, అది ప్యారలెల్. 300తో వస్తుంటే 090 వెనుకకు పోయింది, అది డైరెక్ట్. ఎడమ మలుపులైతే ఇదే లెక్కను అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి.

ఇది చదివితే వచ్చే విద్య కాదు. ఆ ఆరు నెలల్లో మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చి నా దగ్గర ఉండేది. నేను ఆమె ముగ్గుపిండి డబ్బా తీసుకుని మేడ మీద పెద్ద రేస్‌ట్రాక్ గీసి, మధ్యలో ఇటుక ముక్కను వీఓఆర్‌గా పెట్టి, రోజుకొక దిక్కు నుంచి నడుచుకుంటూ దాని మీదికి వచ్చి ప్రవేశం నిర్ణయించుకునేవాడిని. ‘సంక్రాంతీ కాదు, ఏమీ కాదు, ఈ దోసకాయ ముగ్గేమిట్రా’ అని ఆమె అడగడం, కింది ఇంటివారు తలెత్తి చూడడం ఉండనే ఉన్నాయి. పది రోజులు నడిచాక కాగితం మీద గీయడానికి ఆలోచించవలసిన పని లేకపోయింది.

నిబంధనల విషయంలో బట్టీ తప్పదు, అయితే అంకెలు దేనికోసం పుట్టాయో తెలిస్తే ఒకదానితో ఒకటి కలిసిపోవు. గమ్యం చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తరువాత వరకు మేఘాల సీలింగ్ (అడుగుభాగం ఎత్తు) కనీసం 2,000 అడుగులు, దృశ్యమానత 3 స్టాట్యూట్ మైళ్ళు ఉంటుందని సూచన ఉంటే ప్రత్యామ్నాయ విమానాశ్రయం పేర్కొననక్కరలేదు. పేర్కొనవలసి వస్తే, ఆ రెండో చోట ప్రెసిషన్ అప్రోచ్ (దిశతోపాటు దిగే వాలునూ కచ్చితంగా చూపేది) ఉంటే సీలింగ్ 600 అడుగులు, నాన్‌ప్రెసిషన్ అయితే 800 అడుగులు, రెంటికీ 2 మైళ్ళ దృశ్యమానత సూచనలో ఉండాలి. ఈ 600, 800 ప్రయాణ ప్రణాళిక వేసేటప్పుడు మాత్రమే వర్తిస్తాయి. నిజంగా అక్కడికి మళ్ళినప్పుడు ఆ అప్రోచ్ చార్టులో ఉన్న కనిష్ఠాలే మీ కనిష్ఠాలు. నేను తప్పిన 17 ప్రశ్నల్లో ఇదొకటి. ఇంధనం సంగతి సులభం: గమ్యానికి, అక్కడి నుంచి అవసరమైతే ప్రత్యామ్నాయానికి, ఆపైన మామూలు క్రూయిజ్ వేగంతో 45 నిమిషాలకు సరిపడా ఉండాలి.

వాతావరణానికి బెంగళూరే మీకు పాఠశాల. ప్రతి ఉదయం కెంపెగౌడ విమానాశ్రయం మెటార్ (వాతావరణ నివేదిక) తీసి చదవండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దేవనహళ్ళి వైపు పొగమంచు కమ్మే రోజుల్లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) ఒకదానికొకటి దగ్గరవడం, గాలి దాదాపు ఆగిపోవడం వరుస మెటార్లలో కనిపిస్తుంది. రేడియేషన్ ఫాగ్ (రాత్రి నేల చల్లబడడంతో పట్టే పొగమంచు) గురించి పరీక్షలో అడిగేది అదే. ఒక జాగ్రత్త: ఇక్కడి మెటార్‌లో దృశ్యమానత మీటర్లలో, పీడనం హెక్టోపాస్కల్‌లలో ఉంటాయి, పరీక్షలో స్టాట్యూట్ మైళ్ళు, పాదరసపు అంగుళాలు ఉంటాయి. పీడనంలో అంగుళం తేడాకు ఎత్తులో సుమారు 1,000 అడుగులు అన్నది గుర్తుంటే, ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) 30.00 మీద వదిలేసి 29.50 ఉన్న చోటికి వెళ్ళినవాడు యంత్రం చూపేదానికంటే 500 అడుగులు కిందున్నాడని వెంటనే తేలుతుంది.

పరికరాల లోపాలను కారణంతో చదవండి. స్టాటిక్ రంధ్రం (పరికరాలకు బయటి గాలి పీడనం అందించేది) మూసుకుంటే లోపలి గాలి బిగుసుకుపోతుంది, కాబట్టి ఆల్టిమీటర్ కదలదు, వర్టికల్ స్పీడ్ (ఎక్కే, దిగే వేగం చూపే పరికరం) సున్నా చూపుతుంది. ఇంతవరకు అర్థమైతే మిగతావి మీరే ఊహించగలరు.

ప్రశ్నల బ్యాంకును చివరి రెండు వారాలకు ఉంచుకోండి. ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు గుర్తించడంతో ఆగకుండా, మిగతా రెండూ ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ అంశం రాలేదన్నమాట. చదవడానికి ఎఫ్ఏఏ హ్యాండ్‌బుక్‌లు ఉచితంగానే దొరుకుతాయి, డబ్బు పెట్టి కోర్సు కొనడం మీ ఇష్టం.

శిక్షకుడి ధ్రువీకరణ సంతకం లేనిదే పరీక్షా కేంద్రంలోకి రానివ్వరు. మీ శిక్షకుడికి ఈ వారమే ఉత్తరం రాసి, ఇక్కడ చదువుకుని వస్తే ఏమేమి పరిశీలించి సంతకం పెడతారో అడిగి తెలుసుకోండి. మా శిక్షకుడు గంటన్నర వీడియో కాల్‌లో ప్రశ్నలు అడిగి ఒప్పుకున్నారు, కానీ అందరూ అందుకు అంగీకరించరు.