మినీ మిల్లింగ్ మిషనుకి సొంత సామాను

రాయగడ

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

గుణుపురంలో నీ మిషను దిగిందని అమ్మ ఫోనులో చెప్పింది. దానికి తగిలించే సామాన్లు కొనకుండా నువ్వే చేసుకుంటానన్నావట. చేసుకో, కానీ వరస తప్పకు. ముందు టీ-నట్లు (మిషను బల్ల గాడిలో దూరి బోల్టుని పట్టేవి), తర్వాత బల్లమీద బిగించే రంధ్రాల పలక, ఆ తర్వాత ఫ్లై కట్టరు (ఒంటి పన్నుతో పైభాగం చదును చేసేది). పవర్ ఫీడు (మోటారుతో బల్లని జరిపేది) మోజు ఆఖరికి. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి అన్నీ తగిలించి చూపించాలని తొందరపడకు.

మొదటి రోజు ఏమీ కొయ్యకు. హ్యాండిలు ఒకే దిక్కుకి పది చుట్లు తిప్పి, బల్ల ఎంత జరిగిందో వెర్నియరుతో కొలువు. 20 మి.మీ. జరిగితే స్క్రూ పిచ్, అంటే ఒక్క చుట్టుకి జరిగే దూరం, 2 మి.మీ., 15 జరిగితే 1.5. 15.875 వచ్చిందంటే అది అంగుళాల స్క్రూ. దానిమీద 1.5 అనుకుని చుట్లు లెక్కపెడితే ఒక్కో రంధ్రం కాస్త కాస్త పక్కకి పోతుంది, చివరి వాటిలో బోల్టు దిగదు. కొలిచేముందు అదే దిక్కుకి ఒక చుట్టు తిప్పి లూజు తీసెయ్యి.

ఇక టీ-నట్లు. బల్ల గాడికి నాలుగు కొలతలు తియ్యి: మెడ (పైన సన్నటి భాగం) వెడల్పు, మెడ లోతు, తల (కింద వెడల్పు భాగం) వెడల్పు, తల ఎత్తు. నట్టు మెడ గాడి కంటే 0.2 మి.మీ. సన్నంగా, తల వెడల్పులోనూ ఎత్తులోనూ 0.5 తక్కువగా ఉండాలి. మెడ పైభాగం బల్ల కంటే కనీసం అర మి.మీ. కిందే ఆగాలి. పైకి పొడుచుకొస్తే నువ్వు బిగించేది నట్టునే, జాబ్ (కోయాల్సిన ముక్క) అలాగే వదులుగా ఉంటుంది.

ఒక్కో నట్టు విడిగా చెయ్యకు. 100 మి.మీ. బ్రైట్ ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) ముక్క తీసుకుని పొడుగంతా టీ ఆకారం కోసెయ్యి. 10 మి.మీ. హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీలు) ఎండ్ మిల్లు కట్టరుకి 800 ఆర్‌పీఎం చాలు, ఒక్కో కోతకి అర మి.మీ. లోతు. కట్టరు పళ్లు తిరిగే దిక్కుకి ఎదురుగా జాబ్‌ని తొయ్యి. వెంట తోస్తే స్క్రూలో ఎంత లూజుందో అంతా కట్టరు ఒక్కసారి లాగేసుకుంటుంది, పన్ను విరుగుతుంది. ఆ కోతలో జరపని స్లైడు (బల్ల జారే దారి) లాకు బిగించే ఉంచు. టీ తయారయ్యాక చివర నుంచి 12, 36, 60, 84 దగ్గర రంధ్రాలు వెయ్యి. ఎం8 (8 మి.మీ. మర)కి 6.8 బిట్టు. టాపుతో లోపలి మరలు కొట్టాకే హాక్సా తో నాలుగు ముక్కలు కొయ్యి, అంచులు ఆకురాయితో తియ్యి.

అసలు సంగతి ఇక్కడుంది. మరలు కింది దాకా సాఫీగా వదలకు. టాపు తీశాక నట్టు తిరగేసి, కింది అంచున సెంటర్ పంచ్‌తో రెండు దెబ్బలు వెయ్యి. ఆఖరి మర నలిగి స్టడ్డు (నట్టులోకి దిగే మరల కడ్డీ) అక్కడే ఆగిపోవాలి. ఆగకపోతే స్టడ్డు గాడి అడుగుని తాకి జాకీలా పనిచేస్తుంది: బిగించేకొద్దీ నట్టు పైకి లేచి గాడి పెదవుల్ని కింద నుంచి తోస్తుంది. బల్ల పోత ఇనుము, వంగదు. పెదవి పెళుక్కున లేచిపోతుంది, వెల్డింగుతో మళ్లీ మునుపటిలా రాదు.

పలకకి 250 × 100 × 15 అల్యూమినియం ప్లేటు చాలు. 6061 రకంగానీ 6082 రకంగానీ అడుగు. గిన్నెలు చేసే మెత్తని రకం కట్టరుకి బంకలా అంటుకుంటుంది. ఏ రకమైనా కిరసనాయిలు కుంచెతో రాస్తూ కొయ్యి. 25 మి.మీ. దూరంలో వరసకి తొమ్మిది, నాలుగు వరసలు, 36 రంధ్రాలు, 5 మి.మీ. బిట్టు, ఎం6 టాపు. పిచ్ 2 అయితే ఒక్కో రంధ్రానికి పన్నెండున్నర చుట్లు. కొలత దాటిపోయావా, వెనక్కి సగం చుట్టు తిప్పి మళ్లీ అదే దిక్కు నుంచి రా. ప్లేటు కింద ప్లైవుడ్ ముక్క వేసే డ్రిల్లు దింపు. అది మర్చిపోతే బల్లకీ 36 రంధ్రాలు పడతాయి. బల్లకి బిగించే ఎం8 అలెన్ బోల్టుల తలలకి 14 మి.మీ. వెడల్పు, 9 లోతు గుంట తియ్యి, కింద ఇంకా 6 మి.మీ. మిగులుతుంది. పలక పెట్టాక పైన ఖాళీ 15 మి.మీ. తగ్గుతుందని గుర్తుంచుకో.

ఫ్లై కట్టరు తిరిగే వెడల్పు 50 మి.మీ. దాటనివ్వకు. 6 మి.మీ. హెచ్.ఎస్.ఎస్. బిట్టు, దాన్ని పట్టేది రెండు ఎం5 గ్రబ్ (తలలేని) స్క్రూలు. కాడని కొల్లెట్‌లోనే (చుట్టూ నొక్కిపట్టే చీలికల గొట్టంలోనే) పట్టు. డ్రిల్ చక్‌లో పెడితే పక్క దెబ్బలకి చక్ టేపరు (చక్‌ని పట్టి ఉంచే వాలు కాడ) ఊడి మీదకి పడుతుంది. అల్యూమినియానికి 400–450 ఆర్‌పీఎం, లోతు 0.2. ఉక్కు మీద దీన్ని వాడకు: వేగం 160కి దింపాలి, అక్కడ చిన్న మోటారుకి బలముండదు, ఒంటి పన్ను చుట్టుకో దెబ్బ కొడుతుంటే లోపలి ప్లాస్టిక్ గేర్లు పళ్లు రాలుస్తాయి. కోశాక ముందు అంచు, వెనక అంచు ఒకే మందంలో లేకపోతే కట్టరుని అనకు, స్తంభం వాలింది. స్పిండిల్‌కి (కట్టరుని తిప్పే ఇరుసుకి) సన్న తేడాలు చూపే డయల్ గేజ్ తగిలించి బల్లమీద చుట్టూ తిప్పి సరిచెయ్యి. 150 మి.మీ.లో 0.02 తేడా అంటే చాలా బాగున్నట్టు.

పవర్ ఫీడుకి పాత కారు వైపర్ మోటారు సరిపోతుంది, 12 వోల్టులు. చాలావాటికి బాడీయే నెగటివ్. రెండు వైపులా తిప్పాలంటే తీగలు మార్చాలి, అప్పుడు బాడీయే పాజిటివ్ అవుతుంది కాబట్టి, ఫైబరు ముక్క మధ్యన పెట్టి మోటారుని మిషను నుంచి వేరుచెయ్యి. స్క్రూకి శాశ్వతంగా కలపకు, క్లచ్ పెట్టు. లేకపోతే మోటారు లోపలి వార్మ్ గేరు హ్యాండిల్ని చేత్తో తిప్పనివ్వదు. రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు (బల్ల చివరికి రాగానే మోటారు ఆపేవి) తప్పనిసరి.

వానాకాలంలో మన పక్క బల్ల రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. పని అయ్యాక పొట్టు ఊడ్చి నూనెగుడ్డతో తుడిచి మూసెయ్యి.

గాడి నాలుగు కొలతలు, పది చుట్ల లెక్క, స్పిండిల్ రంధ్రం ఆర్8 రకమో ఎంటీ3 రకమో రాసి పంపు. దాన్నిబట్టి ఇక్కడి పాత ఇనప కొట్టులో సరైన ముక్క ఏరి, అటు వచ్చేవాళ్లకి ఇచ్చి పంపుతాను.

మావయ్య