అసీల్ కోళ్లు ఏటేటా నాసిరకం అవుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: నాలుగేళ్ల కిందట ఒక పుంజు, 10 పెట్టలతో అసీల్ (పందెం జాతి) కోళ్ల పెంపకం మొదలుపెట్టాను. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే. మధ్యలో బరువు పెరుగుతాయని పక్కింటి వనరాజా అనే సంకరజాతి పుంజుతో కొన్ని పెట్టల్ని కలిపాను. ఇప్పుడు 12 గుడ్లు పొదగేస్తే ఐదారు పిల్లలే లేస్తున్నాయి. కొన్నిటికి కాలి వేళ్లు వంకర. పెట్టలు మధ్యలోనే గుడ్లు వదిలేస్తున్నాయి. పెద్ద పుంజు మా ఇంట్లో చిన్నపిల్లల మీదికి దూకుతోంది. ఇది జబ్బా, మేత లోపమా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాల్లో ఎక్కువ భాగం జతకట్టించిన తీరు వల్ల వచ్చినవే అనిపిస్తోంది. తండ్రి పుంజు కూతుళ్లతో కలిసినా, ఒకే జంటకు పుట్టిన అన్నాచెల్లెళ్లు కలిసినా, ఆ ఒక్క తరంలోనే అంతఃప్రజననం (దగ్గరి రక్తం కలవడం) 25 శాతానికి చేరుతుంది. కోళ్లలో ఏడాదికో తరం వస్తుంది. నాలుగేళ్లుగా బయటి అసీల్ రక్తం రాకపోతే ఆ దెబ్బ ముందుగా గుడ్లు పొదగడంలోనూ, పిల్లలు బతకడంలోనూ కనిపిస్తుంది.

అయినా నిర్ధారించుకోండి. పొదగేసిన 7వ రోజు రాత్రి గుడ్డు వెడల్పు వైపు సెల్‌ఫోన్ టార్చ్ ఆనించి చూడండి. సన్నటి ఎర్రని నరాలు అల్లుకుని ఉంటే పిండం బతికి ఉన్నట్టు. గుడ్డంతా తేటగా ఉంటే అది చాలావరకు విత్తు పడని గుడ్డు. పుంజు ముసలిదై ఉండొచ్చు, లేదా పెట్టలు ఎక్కువై ఉండొచ్చు. అసీల్ లాంటి బరువు జాతికి పుంజుకు ఐదారు పెట్టలు చాలు. లోపల ఉంగరంలా రక్తపు గీత ఉంటే పిండం మొదట్లోనే చనిపోయిందన్నమాట. దగ్గరి రక్తం కలిసినప్పుడు ఇలాంటివి పెరుగుతాయి. ఎండలో పెట్టిన గుడ్లు, వారం దాటి నిల్వ ఉన్న గుడ్లు కూడా ఇలాగే అవుతాయి కాబట్టి తాజా గుడ్లే పొదగేసి చూడండి.

వేళ్ల సంగతి వేరు. పిల్ల వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద దేకుతుంటే అది బి2 విటమిన్ లోపం కావచ్చు. నూకలొక్కటే పెడితే ఇది వస్తుంది, తొలి రోజుల్లోనే విటమిన్ నీళ్లిస్తే కోలుకుంటాయి. నడక బాగానే ఉండి వేళ్లు పక్కకు తిరిగి, అదీ ఒకే పెట్ట పిల్లల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే వంశంలోనే లోపం ఉన్నట్టు. ఆ పెట్ట గుడ్లు కూరకు వాడండి, పొదగేయకండి.

వనరాజా మంచి కోడే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం సంకరపరిచి తయారుచేసింది. అయితే అది వంశం నిలుపుకోవడానికి చేసినది కాదు. అసీల్‌తో కలిపిన మొదటి తరం పిల్లలు బరువుగా, చురుగ్గా కనిపిస్తాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే. వాటిని వాటిలోనే కలిపితే మరుసటి తరంలో గుణాలు చెల్లాచెదురవుతాయి. ఒకటి పొడుగు కాళ్లతో, ఇంకొకటి పొట్టిగా, కొన్ని నిలువు తురాయితో పుడతాయి. అసీల్ పెట్టకు పేరు తెచ్చింది పట్టుగా కూర్చుని పొదిగే గుణం. వనరాజాలో ఆ గుణం తక్కువ. మీ పెట్టలు గుడ్లు వదిలేయడానికి ఇదే ముఖ్య కారణం కావచ్చు. పేలు పట్టినా పెట్ట గూటిలో కూర్చోదు, రెక్కల కింద ఒకసారి చూడండి.

ఇక పుంజు. మనిషి మీదికి దూకడాన్ని పౌరుషం అనుకుని అలాంటి పుంజునే విత్తనానికి ఉంచేవాళ్లను చూస్తుంటాను, బాధేస్తుంది. మంచి అసీల్ పుంజు తోటి పుంజును సహించదు కానీ యజమాని చేతిలో నిమ్మళంగా ఉంటుంది. పిల్లలు కవ్వించడం వల్ల కూడా కొన్ని ఇలా తయారవుతాయి, నిజమే. కానీ స్వభావం కొంత వంశం వెంటే వస్తుంది కాబట్టి దాన్ని జతకు వాడకండి. పసిపిల్లల కళ్లకు ప్రమాదం, వెంటనే వేరే కట్టేయండి.

వేరే ఊరి నుంచి, తల్లిదండ్రుల్ని మీరు కళ్లారా చూసి, నిమ్మళమైన పుంజును తెచ్చుకోండి. మూడు వారాలు విడిగా ఉంచి, పశువైద్యుణ్ణి అడిగి కొక్కెర తెగులు టీకా వేయించండి. సంకర పెట్టల్ని గుడ్లకో మాంసానికో పెట్టి, అసలు అసీల్ పెట్టల కాళ్లకు రంగు రింగులు వేయండి. ఏ పెట్ట గుడ్డో పెన్సిల్‌తో గుడ్డు మీదే రాయండి. పాత పుంజును తీసేశాక మూడు వారాల వరకు గుడ్లు పొదగేయకండి. దాని విత్తనం పెట్ట కడుపులో రెండు వారాల పైనే బతికి ఉంటుంది, తొందరపడితే పుట్టేవి మళ్లీ పాత పుంజు పిల్లలే.