తల్లి, కొడుకు సంతకాలు చేస్తే ఇల్లంతా మనదవుతుందా?

ప్రశ్న: తెనాలిలో 240 గజాల్లో కట్టిన పాత మేడ అమ్మకానికి వచ్చింది. టేకు తలుపులు, ఎండని బావి, ఎక్కడా చెమ్మ లేని గోడలు. 72 లక్షలకు బేరం కుదిరింది. ఇంటాయన 1979లో సొంత సంపాదనతో స్థలం కొని కట్టుకున్నారు. 2014లో వీలునామా లేకుండా పోయారు. ఇప్పుడు భార్య, కొడుకు అమ్ముతున్నారు. ఇంటి పన్ను కొడుకు పేరు మీదే ఉంది. పెద్ద కూతురు 2019లో చనిపోయింది. ఆమెకు భర్త, పన్నెండేళ్ల కొడుకు ఉన్నారు. చిన్న కూతురు అమెరికాలో ఉంటోంది. ‘ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చేశాం, వాళ్ల సంతకాలు అక్కర్లేదు’ అంటున్నారు. 5 లక్షలు అడ్వాన్సు ఇవ్వొచ్చా?

జవాబు: ఈ లెక్కన ఇవ్వొద్దు. వాళ్లిద్దరూ అమ్మగలిగేది సగం ఇల్లే.

స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 వర్తిస్తుంది. ఆయన తల్లి అప్పటికే లేరనుకుంటే భార్యకు, కొడుక్కి, ఇద్దరు కూతుళ్లకు తలా నాలుగో వంతు. పెద్దమ్మాయి వాటా ఆమె భర్తకు, కొడుక్కి చెరి ఎనిమిదో వంతుగా వెళ్లింది. ఆడపిల్లలకు కొడుకులతో సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ గురించి చాలామంది అడుగుతుంటారు గానీ అది పిత్రార్జితం, అంటే తాతముత్తాతల ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచే ఉంది. పసుపు కుంకుమ ఇచ్చినంత మాత్రాన ఆ వాటా పోదు. తెల్లకాగితం మీద ‘నాకేమీ వద్దు’ అని రాసిచ్చినా చెల్లదు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు.

సగమైనా కొనేసి ఇంట్లో దిగుదామంటే అదీ కుదరదు. కుటుంబం నివసించే ఇంట్లో వాటా కొన్న బయటివాడికి వాళ్లతో కలిసి కాపురం ఉండే హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44 చెబుతోంది. మీరు పంపకాల దావా వేస్తే, 1893 నాటి విభజన చట్టం సెక్షన్ 4 కింద కుటుంబంలోని వాటాదారు మీ వాటాను కోర్టు కట్టిన ధరకు తానే కొనుక్కోవచ్చు. డబ్బు తిరిగొస్తుంది, ఇల్లు రాదు.

అసలు చిక్కు మైనరు వాటా. పిల్లవాడి తరఫున తండ్రి సంతకం పెడితే చాలని దస్తావేజు రాసేవాళ్లు అనేస్తుంటారు. చాలదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం జిల్లా కోర్టు ముందస్తు అనుమతి ఉండాలి. తప్పనిసరి అవసరమో, పిల్లవాడికి స్పష్టమైన లాభమో చూపిస్తేనే కోర్టు ఒప్పుకుంటుంది. అనుమతి లేకుండా కొంటే, అతనికి 18 నిండాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయొచ్చు. అంటే ఇంకో తొమ్మిదేళ్లు మీకు నిద్ర ఉండదు. ‘ఏ తగాదా వచ్చినా మేమే చూసుకుంటాం’ అనే వాక్యం దస్తావేజులో ఉంటే వాళ్ల మీద నష్టపరిహారం అడగొచ్చు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

చిన్నమ్మాయి రాలేకపోతే ఇల్లు అమ్మే అధికారం స్పష్టంగా రాసిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. గడువు దాటి పేచీలు తెచ్చుకునేది ఇక్కడే. ఆమె ప్రవాసి అయితే ఆమెకిచ్చే సొమ్ములో మామూలు 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోస్తే సరిపోదు, రేటు బాగా ఎక్కువ. ఆ మేరకు కోయకపోతే బాధ్యత కొన్నవారిదే కనుక ఆడిటరుతో ముందే లెక్క వేయించండి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీసేటప్పుడు ఇప్పటి డోర్ నంబరుతో పాటు పాత డోర్ నంబరు, సర్వే నంబరు కూడా ఇవ్వండి. నంబర్లు మారిన వీధుల్లో పాత తాకట్టు కనపడకుండా పోతుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, 1979 నుంచి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి. ఒరిజినల్ దస్తావేజు కళ్లారా చూడండి. జిరాక్సు చూపించి దాటేస్తుంటే అసలు కాగితం ఎక్కడో అప్పు కింద ఉందేమోనని అనుమానించాలి.

అడ్వాన్సు ఇస్తే మేజర్లందరూ, అంటే అల్లుడితో సహా, సంతకం చేసిన అగ్రిమెంటు మీదే ఇవ్వండి. కోర్టు అనుమతి ఫలానా నెలలోగా రాకపోతే మొత్తం వాపసు అని అందులో రాయించండి. చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ చేయండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా పడుతుంది. ‘నగదే కావాలి’ అని పట్టుబడితే ఈ మాట వాళ్లకు చెప్పండి.