లంకలో డేరా వేసుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు అక్కడి నేషనల్ ఫారెస్టుల్లో, గడ్డి మైదానాల్లో జనసంచారం లేని చోటు చూసుకుని, కుటుంబంతో డేరా వేసుకుని రెండు మూడు రాత్రులు గడిపి వస్తుంటాడు. రుసుము లేదట, ముందుగా బుకింగూ అక్కర్లేదట. సంక్రాంతికి వస్తున్నాడు. కోరింగ మడ అడవిలో ఒక రాత్రి, కోటిపల్లి రేవుకు దగ్గరలో గోదావరి మధ్యనున్న లంకలో ఒక రాత్రి పిల్లలతో ఉందామంటున్నాడు. ప్రభుత్వ భూమి అంటే ప్రజలదే కదా, అడ్డు చెప్పేదెవరని అతని వాదన. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ తమ్ముడు చెప్పింది అక్కడికి నిజమే. అమెరికా అటవీ సర్వీసు ఆధీనంలో 154 నేషనల్ ఫారెస్టులు, 20 నేషనల్ గ్రాస్‌లాండ్‌లు ఉన్నాయి. ప్రత్యేకంగా మూసివేసిన చోట్లు మినహా మిగతా ప్రాంతంలో చాలావరకు రుసుము లేకుండానే డేరా వేసుకోనిస్తారు. అయితే చాలాచోట్ల 14 రోజుల గడువు, వాగులకూ చెరువులకూ దూరంగా ఉండాలన్న నియమం, ఎండలు ముదిరినప్పుడు నిప్పు మీద నిషేధం అక్కడ కూడా ఉంటాయి. మన దగ్గర మాత్రం రక్షిత ప్రాంతంలో అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. అక్కడి అలవాటును నమ్ముకుని ఇక్కడ రాత్రి బస చేయడం ప్రమాదకరం కనుక, మీరు అడిగిన రెండు చోట్ల గురించీ విడివిడిగా చెబుతాను.

కోరింగను 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 27 ప్రకారం విధుల్లో ఉన్న ఉద్యోగులు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవారు, ప్రజా రహదారి మీదుగా సాగిపోయేవారు వంటి కొందరికి తప్ప, అనుమతి పత్రం లేకుండా అభయారణ్యంలోకి ప్రవేశమే లేదు. పర్యాటకం కోసం అనుమతి ఇచ్చే వీలు సెక్షన్ 28లో ఉంది గానీ, అది అధికారి విచక్షణకు, ఆయన పెట్టే షరతులకు లోబడినది. చొల్లంగి దగ్గర చెక్కవంతెన మీద నడవడానికి తీసుకునే టిక్కెట్టు ఆ దారికీ ఆ వేళకే పరిమితం. ఆ టిక్కెట్టు చేతిలో ఉంది కదా అని చీకటి పడ్డాక లోపల ఉండిపోతే, అది అనుమతి లేని ప్రవేశం కిందికే వస్తుంది.

డేరా విషయంలో ఇంకో చిక్కు ఉంది. నీరు తీసినప్పుడు గట్టిగా కనిపించే ఒండ్రు మీద, వేలెడేసి పొడవున నిటారుగా పొడుచుకువచ్చే మడచెట్ల శ్వాసవేళ్లను మీరు చూసే ఉంటారు. డేరా మేకులు దిగేది వాటి మధ్యనే. పోటు వచ్చేసరికి ఆ నేల మునుగుతుంది కాబట్టి పిల్లలతో అక్కడ పడుకోవడం ఎలాగూ కుదరదు. అది అలా ఉంచినా, ఆ వేళ్లను నరికినా ఆవాసాన్ని పాడుచేసినా సెక్షన్ 29 వర్తిస్తుంది. అడవికి ముప్పు తెచ్చే విధంగా నిప్పు రాజేస్తే సెక్షన్ 30 వర్తిస్తుంది. చెత్త పడేయడం కూడా సెక్షన్ 27 కిందే నిషిద్ధం. శిక్ష మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా పరిమితిని 2022 సవరణ 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచింది.

సంక్రాంతి నాటికి కోరింగ దగ్గరి హోప్ ఐలాండ్ ఇసుకతీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం మొదలవుతుంది. ఇవి వన్యప్రాణి చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జీవులు కనుక, గుడ్ల జోలికి వెళితే శిక్ష ఇంకా తీవ్రంగా ఉంటుంది. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి.

మీరు నాటుపడవ మాట్లాడుకుని వెళ్లాలనుకుంటున్నట్లయితే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. నేరానికి వాడిన పడవను స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 50 అటవీ సిబ్బందికి ఇస్తుంది. కేసు తేలేవరకు అది ఒడ్డున ఎండకు బీటలు వారుతుంటే, చేపల వేటే జీవనాధారమైన ఆ పడవ యజమాని కోర్టు వాయిదాల చుట్టూ తిరగాలి. మీరు జరిమానా కట్టి విమానం ఎక్కగలరు, అతనికి ఆ దారి ఉండదు.

ఇక లంక సంగతి. లంక అంటే అంతా ప్రభుత్వానిదేనని అనుకోవద్దు. ఒకే లంకలో కొంత పట్టా భూమి, కొంత ప్రభుత్వం కౌలుకిచ్చినది, కొంత ఏటి పోరంబోకు (ఎవరికీ పట్టా ఇవ్వని ప్రభుత్వ భూమి) ఉండవచ్చు. దాటి వెళ్లే ఏటిగట్టు జలవనరుల శాఖది. పశువుల మేత పోరంబోకైతే, ప్రభుత్వం వేరే అవసరానికి ఉంచుకోని పక్షంలో, పంచాయతీరాజ్ చట్టం, 1994లోని సెక్షన్ 58 ప్రకారం గ్రామ పంచాయతీకి దఖలు పడుతుంది. అందువల్ల మొదట వీఆర్‌ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర సర్వే నంబరు, భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చూపే అడంగల్ చూడండి. పట్టా అయితే యజమాని నుంచి, కౌలు భూమైతే సాగుదారు నుంచి, పోరంబోకైతే పంచాయతీ నుంచి గానీ తహశీల్దారు నుంచి గానీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

దుర్బుద్ధి లేకుండా ఒకరి భూమిలో కాలు పెట్టినంత మాత్రాన అది క్రిమినల్ అతిక్రమణ కాదు. కానీ రైతు వెళ్లిపొమ్మన్నాక అతన్ని బెదిరించే, అవమానించే లేదా విసిగించే ఉద్దేశంతో అక్కడే ఉండిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద మూడు నెలల వరకు జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అర్ధరాత్రి పొలంలో టార్చిలైట్లు కదిలితే నీటి మోటారు దొంగలని అనుమానించే రైతును తప్పుపట్టలేం. అందుకే దరఖాస్తులో పేర్లు, తేదీలు, వాహనం నంబరు, వంటకు గ్యాస్ స్టవ్ తప్ప నిప్పు రాజేయబోమన్న హామీ రాసి, దాని ప్రతిని పోలీసు స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోండి.

మీ తమ్ముడు పండక్కి కాక వానాకాలంలో వస్తే లంక మాటే తలపెట్టవద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అలాంటప్పుడు లంకల్లోకి రాకపోకలు ఆపుతూ అధికారులు ఇచ్చే ఉత్తర్వును ధిక్కరిస్తే విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 51 కింద ఏడాది వరకు జైలు పడవచ్చు.

ఇన్ని కాగితాలు పండగలోపు సమకూరవనుకుంటే, ఏటిగట్టుకు ఇవతల మీ బంధువుల కొబ్బరితోట ఏదైనా ఉందేమో చూడండి. యజమాని సరేనంటే డేరా వేసుకోవడానికి సాధారణంగా మరే అనుమతీ అక్కర్లేదు. కోరింగను మాత్రం పగటిపూట, టిక్కెట్టు మీద చూసి రండి.